మనది కాని పంచాయితీ

(స్వర్ణోత్సవ సభలో 1987 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న గురువులందరికీ నమస్కారాలు. ముందు వరుసలో కూర్చున్న మా లెక్కల టీచర్ గారికి ఇంకో నమస్కారం ఎక్కువ. నాకు యాభై నాలుగేళ్ళు వచ్చినా ఆవిడ కళ్ళజోడు సర్దుకుంటే ఇప్పటికీ అరచేతుల్లో చెమట పడుతుంది.

నిర్వాహకులు నాకు ‘ఆటలు – వ్యక్తిత్వ వికాసం’ అన్న అంశం ఇచ్చారు. వారం రోజులు ఆలోచించాను. ఆటల వల్ల నా వ్యక్తిత్వం ఏం వికసించిందో నాకైతే కనబడలేదు. కనబడిందల్లా ఒక పాత తగాదా. అందుకని ఆ తగాదా గురించే మాట్లాడతాను. కార్యదర్శి గారు క్షమించాలి.

1986 జూన్ 22, ఆదివారం. బడులు తెరిచి పట్టుమని పది రోజులు కూడా కాలేదు. మేం పదో తరగతిలోకి వచ్చాం. ఆ రాత్రి రైల్వే క్వార్టర్స్‌లో మావాడు ఒకడి ఇంట్లో షట్టర్ ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు పధ్నాలుగు మందిమి చేరాం. మెక్సికోలో మధ్యాహ్నం పన్నెండు అయితే మనకు రాత్రి పదకొండున్నర. ఇంగ్లండుకూ అర్జెంటీనాకూ ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్.

మా బ్యాచ్‌లో అప్పటికే అసలు పేర్లు పోయాయి. ఒకడు ఇంగ్లండ్, ఒకడు బ్రెజిల్, ఒకడు జర్మనీ. నేను అర్జెంటీనా. ఎవడు ఏ జట్టును ఎందుకు పట్టుకున్నాడంటే పెద్ద కారణాలేం లేవు. ఇంగ్లండ్ గాడికి వాళ్ళ పెదనాన్న పంపిన ఒక బ్రిటిష్ పత్రిక దొరికింది. జర్మనీ గాడికి రుమెనిగే పేరు పలకడం సరదా. నేను మారడోనాను ఎంచుకున్నది పొట్టివాడు కాబట్టి. అసెంబ్లీ లైన్లో నేనే మొదట నిలబడేవాణ్ణి. అయిదడుగుల అయిదంగుళాల మనిషి ప్రపంచాన్ని ఆడిస్తుంటే నాకేదో సొంత విజయంలా ఉండేది.

రెండో సగం మొదలైన ఆరో నిమిషంలో ఇంగ్లండ్ ఆటగాడు హాడ్జ్ తన్నిన బంతి అనుకున్న వైపు పోకుండా వాళ్ళ గోలు వైపే పైకి లేచింది. గోల్‌కీపర్ షిల్టన్ ముందుకొచ్చి గాల్లోకి ఎగిరాడు. అతనికంటే బాగా పొట్టివాడు మారడోనా కూడా ఎగిరాడు. బంతి లోపల పడింది. మేం అరిచిన అరుపుకు పక్క క్వార్టర్స్ వాళ్ళు లేచారు. తర్వాత చూపించినప్పుడు తలకు పక్కనే ఎడమ చెయ్యి కనబడింది. ట్యునీషియా రిఫరీ అలీ బెన్నాసర్‌కు మాత్రం కనబడలేదు, లైన్స్‌మన్ జెండా ఎత్తలేదు. గోల్ గోలే.

సరిగ్గా అప్పుడే గాలి లేచి టీవీలో చీమలు పరిగెత్తాయి. యాంటెన్నా తిప్పడానికి ఎవరో ఒకరు మేడ మీదికి పోవాలి. కోపంతో ఉన్నవాడు ఇంగ్లండ్ గాడే కాబట్టి వాడే లేచి పోయాడు. వాడు పైనుంచి ‘వచ్చిందా?’ అనడం, మేం కిందినుంచి ‘ఇంకొంచెం కుడికి’ అనడం నడుస్తుండగా బొమ్మ కుదురుకుంది. ఆ కుదురుకున్న బొమ్మలోనే రెండో గోల్ పడింది.

దాని గురించి ఈ సభలో చెప్పనక్కర లేదు, చెప్పకుండా ఉండనూ లేను. తమ సగంలోనే బంతి అందుకున్నాడు. ఇద్దరి మధ్యలో గిర్రున తిరిగి బయటపడ్డాడు. రీడ్ వెనకాల పరిగెత్తి పరిగెత్తి ఆగిపోయాడు. బుచర్‌ను దాటాడు, ఫెన్విక్‌ను దాటాడు, షిల్టన్‌ను కూడా దాటాక, బుచర్ మళ్ళీ వచ్చి కాలు పెడుతుండగా బంతిని లోపలికి తోశాడు. దాదాపు అరవై మీటర్లు, పది పదకొండు సెకన్లు, అన్నిసార్లూ ఎడమ కాలే. మొదటి గోల్‌కూ దీనికీ నడుమ నాలుగు నిమిషాలే తేడా.

ఇంగ్లండ్ గాడు కిందికి వచ్చేసరికి అంతా అయిపోయింది. యాంటెన్నా పట్టుకొని శతాబ్దపు గోల్ పోగొట్టుకున్న మనిషి అతనొక్కడే అయ్యుంటాడు. లినేకర్ ఒక గోల్ కొట్టి ఆశ పెట్టాడు గాని 2-1తో అర్జెంటీనా గెలిచింది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య నడిచిన వాదమంతా మొదటి గోల్ మీదే. ఎందుకంటే వాడు చూసింది అదొక్కటే. ‘నువ్వు పరీక్షలో కాపీ కొట్టి ఫస్టొస్తే ఒప్పుకుంటావా?’ అని వాడు. ‘ఫాక్లండ్స్‌లో మీవాళ్ళు చేసిందేంటి?’ అని నేను. ‘మీవాళ్ళు’ అంటే ఎవరో! వాడిది మెట్టుగూడ, నాది చిలకలగూడ. 1982లో ఆ దీవుల కోసం ఆ రెండు దేశాలూ యుద్ధం చేశాయని నేను చదివింది ఆ శుక్రవారం పేపర్లోనే. ఆదివారానికల్లా అది నా సొంత గాయం అయిపోయింది.

అభిమానం అంటే అంతే మరి. ఆ తగాదా ఎంత పాతదో తర్వాత తెలుసుకున్నాను. 1966లో వెంబ్లీలో ఇదే క్వార్టర్ ఫైనల్. అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ను జర్మన్ రిఫరీ బయటికి పంపాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు, ఆయన పోనన్నాడు, ఆట చాలాసేపు ఆగిపోయింది. ఏ ఆటగాణ్ణి హెచ్చరించారో, ఎవర్ని పంపారో భాషతో పనిలేకుండా తెలియాలని పసుపు, ఎరుపు కార్డుల ఆలోచన పుట్టింది ఆ గొడవలోనే. 1970 ప్రపంచ కప్‌లో మొదటిసారి వాడారు. ఆ రోజు 1-0తో గెలిచాక ఇంగ్లండ్ మేనేజర్ ఆల్ఫ్ రామ్సే, తన ఆటగాడు కోహెన్ అర్జెంటీనా ఆటగాడితో చొక్కా మార్చుకోబోతుంటే మధ్యలో దూరి లాగేశాడు. ఆ ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. అవతలివాళ్ళను పశువులతో పోల్చి మాట్లాడాడు కూడా.

ఇరవై ఏళ్ళ తర్వాత మెక్సికోలో ఆట అయ్యాక మారడోనాతో చొక్కా మార్చుకున్నది ఎవరనుకున్నారు? బంతిని పొరపాటున వెనక్కి తన్నిన హాడ్జే. ఆ చొక్కా 2022లో వేలంలో 71 లక్షల పౌండ్లకు పోయింది. రామ్సే అడ్డుపడ్డ చొక్కా వెల ఎంతుండేదో!

ఆ చేతి గోల్ తప్పా కాదా అని ఇప్పుడు నన్నడిగితే తప్పే అంటాను. మా అబ్బాయికీ అదే చెప్పాను. ఆ మ్యాచ్ మళ్ళీ ఆడిద్దామంటే మాత్రం వద్దంటాను. రెండూ నిజమే. ఇంగ్లండ్ గాడు కొన్నేళ్ళ కింద ఫోన్లో అన్నమాట ఒకటుంది: ‘ఆ రెండో గోల్ ఎన్నోసార్లు చూశాన్రా, ప్రతిసారీ బుచర్ ఈసారన్నా ఆపుతాడని చూస్తా.’ మారడోనాను నాకంటే వాడే బాగా చూశాడేమో అనిపించింది. మనవాణ్ణి మనం చప్పట్లు కొడుతూ చూస్తాం. అవతలివాణ్ణి గుండె పట్టుకొని చూస్తాం.

జర్మనీ గాడి సంగతి వేరు. వాడికి ఓపిక ఎక్కువ. 1982లో సెవిల్లేలో ఫ్రాన్సుతో సెమీఫైనల్లో జర్మన్ గోల్‌కీపర్ షూమాకర్, బాటిస్టన్‌ను గుద్దితే అతను స్పృహ తప్పాడు, పళ్ళు ఊడాయి, ఫౌల్ కూడా ఇవ్వలేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-1 మీద ఉన్న ఫ్రాన్సు చివరికి పెనాల్టీల్లో ఓడింది. ప్రపంచ కప్‌లో పెనాల్టీ షూటౌట్ అదే మొదటిది. దాని గురించి ఎన్ని తిట్టినా మావాడు నవ్వేవాడు. 1986 ఫైనల్లో మేం 2-0 మీద ఎగురుతుంటే వాళ్ళు ఏడెనిమిది నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి సమం చేశారు, మారడోనా ఇచ్చిన ఒక్క పాస్‌తో బురుచాగా మమ్మల్ని గట్టెక్కించాడు. ఆ రాత్రి కూడా వాడు నవ్వి, ‘చూద్దాంలే’ అన్నాడు. 1990లో రోములో పెనాల్టీతో 1-0. 2014లో రియోలో గోట్జె గోల్‌తో మళ్ళీ 1-0. రెండుసార్లూ వాడు నాకు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ. అన్నట్టు, 1986 ఫైనల్లో జర్మన్లు ఆకుపచ్చ చొక్కాలు వేసుకున్నారని నాకు పదేళ్ళ తర్వాత తెలిసింది. మా టీవీలో అందరూ బూడిద రంగే.

బ్రెజిల్ గాడి గురించి ఎక్కువ చెప్పను. ఫ్రాన్సు మీద జీకో పెనాల్టీ పోగొట్టాడు, షూటౌట్లో సోక్రటీస్ పోగొట్టాడు, వాడు రెండు రోజులు బడికి రాలేదు. జ్వరమని లీవ్ లెటర్ తెచ్చాడు. సార్లు నమ్మారు.

ఇక అసలు సంగతి.

సోమవారం పొద్దున మైదానంలో వేపచెట్టు కింద నేనూ ఇంగ్లండ్ గాడూ కాలర్లు పట్టుకునే దాకా వచ్చాం. డ్రిల్ సార్ వచ్చారు. ఆయన విజిల్ ఊదలేదు. కొట్టనూ లేదు. మా వాదం మొత్తం నిలబడి విన్నారు. విని, ‘ఎవలి లొల్లిరా ఇది?’ అన్నారు.

మాకు అర్థం కాలేదు.

‘ఈ నెల రెండో తారీఖు అర్జెంటీనా ఎవలితోని ఆడింది?’

‘దక్షిణ కొరియాతోని సార్, 3-1.’

‘ఆ కొరియాను ఫైనల్ల ఓడగొట్టినోళ్ళెవరో తెలుసా?’

తెలియదన్నాం.

‘మనమే రా.’

పధ్నాలుగు మందిమీ నవ్వాం. నేను కూడా నవ్వాను. ఎప్పుడు సార్ అంటే 1962 అన్నారు. ‘అప్పటికి మా నాయనకు పెళ్ళి గాలేదు సార్’ అన్నాడొకడు. మళ్ళీ నవ్వు. సార్ కోప్పడలేదు. మరునాడు ఒక పొడుగాటి నోట్‌బుక్ తెచ్చారు. అందులో ఇంగ్లిష్, ఉర్దూ, తెలుగు పేపర్ల నుంచి కత్తిరించిన ముక్కలు మైదా పిండితో అంటించి ఉన్నాయి. పేజీలు పసుపు పచ్చగా, పెళుసుగా ఉన్నాయి. మూడు నాలుగు తిప్పాం. ఇంతలో గంట కొట్టారు. ‘తర్వాత చూస్తం సార్’ అని పరిగెత్తాం. ఆ తర్వాత అన్నది రాలేదు. అడగలేదు కూడా.

ఆయన ఏం చూపించబోయారో నేను నలభై ఏళ్ళు దాటాక సొంతంగా వెతుక్కొని చదివాను. అందులో కొంత చెబుతాను, ఇక్కడ పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి.

1962 ఆసియా క్రీడలు జకార్తాలో జరిగాయి. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వలేదు. భారతదేశానికి చెందిన జి.డి.సోంధీ ఆ క్రీడల సంఘంలో పెద్ద. ఇది ఆసియా క్రీడలు ఎలా అవుతుంది అని ఆయన అడ్డుచెప్పారు. దాంతో అక్కడి జనం మన రాయబార కార్యాలయం మీద పడ్డారు. మన ఆటగాళ్ళు మైదానంలోకి దిగితే ఈలలు, కేకలు. మన ఫుట్‌బాల్ జట్టు మొదటి మ్యాచ్‌లోనే కొరియా చేతిలో 0-2తో ఓడింది. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్ళీ అదే కొరియా.

ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు మనిషి. మన గురువులు గమనించాలి, ఆయన కూడా బడి పంతులే. ఉస్మానియాలో చదివి కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో శిక్షణ పొంది బడి ఆటల బాధ్యత తీసుకున్నారు. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి పోయి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాను సొంతగడ్డ మీద 4-2తో కొట్టి సెమీస్‌కు చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా నాటికి ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్.

ఫైనల్ ముందు రాత్రి ఆయన జట్టును కూర్చోబెట్టి తనకొక కానుక కావాలని, అది బంగారు పతకమేనని అడిగారని ఆ ఆటగాళ్ళు తర్వాత చెప్పుకునేవారు. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను పక్కన కూర్చోబెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీస్‌లో గోల్ కొట్టాడు. ఫైనల్లోనూ కొట్టాడు. అంతకు మూడు నిమిషాల ముందు పి.కె.బెనర్జీ మొదటి గోల్ కొట్టాడు. గోల్‌లో మన హైదరాబాదులో పుట్టిన తంగరాజ్. జట్టులో మన యూసుఫ్ ఖాన్. ముందు వరుసలో మన అమ్ముగూడ తులసీదాస్ బలరాం. కొరియా చివర్లో ఒక గోల్ తిరిగి ఇచ్చింది. 2-1. లక్ష మంది మనకు వ్యతిరేకంగా అరుస్తున్న ఆ స్టేడియంలో మన తరఫున అరిచినవాళ్ళు ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ జట్టు. అవే క్రీడల్లో మనల్ని ఓడించి బంగారు పతకం గెలిచిన జట్టు. ఇది కూడా మన ఆటగాళ్ళు జీవితాంతం చెప్పిన మాటే. పోటీ గురించి నాకు తెలిసిన అన్ని కథల్లోనూ నేను ఎక్కువసార్లు తలుచుకునేది ఇదే.

మరుసటి ఏడు జూన్‌లో రహీం సాబ్ పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు ఆ తర్వాత బంగారు పతకం రాలేదు. మనం ఓడించిన కొరియా మాత్రం 1986లో మారడోనాతో ఆడింది, ఆ ఏడాది నుంచి ఒక్క ప్రపంచ కప్ కూడా తప్పలేదు, 2002లో సెమీస్‌కు పోయింది. పోటీ అంటే రెండు వైపులా లెక్క రాసుకోవాలి. మన వైపు పుస్తకం మనమే మూసేశాం. మూసేసి, ఫాక్లండ్స్ కోసం చిలకలగూడలో కొట్టుకున్నాం.

ఇంకో సంగతి. శుక్రవారం చివరి పీరియడ్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కుడి కాలు వాటం ఉన్నవాళ్ళంతా ఎడమ కాలితోనే ఆడాలి, కుడి కాలు తగిలితే ఫౌల్. ఎడమ వాటం వాళ్ళు కుడితో ఆడాలి. ఎంత తిట్టుకునేవాళ్ళమో! సార్‌కు వినోదం కావాలి కాబోలు అనుకున్నాం. రహీం సాబ్ బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో పోటీలు పెట్టేవారని చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను. మన సార్ చిన్నప్పుడు సిటీ పోలీస్ జట్టు ప్రాక్టీసు చూడటానికి సైకిల్ తొక్కుకుంటూ పోయేవారని ఒకసారి ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆ నేర్చుకున్నదే తెచ్చి మా ఎడమ కాళ్ళకు కట్టారు. మేం ఆ శుక్రవారాలు తప్పించుకోవడానికి కడుపునొప్పులు కల్పించాం. అవతల మారడోనా ఎడమ కాలికి మాత్రం దండాలు పెట్టాం.

బలరాం గారు 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూశారు. రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్ కొట్టిన మనిషి. అనారోగ్యంతో ఇరవై ఏడేళ్ళకే ఆట మానాల్సి వచ్చింది. ఆయన పుట్టిన అమ్ముగూడ మీదుగా నేను పదేళ్ళు ఉద్యోగానికి పోయివచ్చాను. తెలియదు. 2024లో రహీం సాబ్ మీద ‘మైదాన్’ అని హిందీ సినిమా వచ్చింది. చూసొచ్చి మా అమ్మాయి, ‘నాన్నా, ఈయన మన హైదరాబాదాయన, నీకు తెలుసా?’ అని అడిగింది. తెలుసన్నాను. ఎలా తెలుసు అంటే మా డ్రిల్ సార్ చెప్పారన్నాను. అది సగమే నిజం. ఆయన చెప్పారు, నేను వినలేదు.

2022 డిసెంబర్‌లో మెస్సీ కప్పు ఎత్తిన రాత్రి మా బ్యాచ్ గ్రూపులో మొదటి అభినందన జర్మనీ గాడి నుంచే వచ్చింది. ఇంగ్లండ్ గాడు యాంటెన్నా బొమ్మ పెట్టాడు. నేను సార్ గురించి ఒక వాక్యం రాసి, ఆ హడావిడిలో ఎందుకులే అని తుడిచేశాను. అప్పటికే సార్ పోయి చాలా ఏళ్ళయింది.

అందుకే ఈ రోజు మైకు దొరికింది గనుక అడుగుతున్నాను. ఆ నోట్‌బుక్ కోసం సార్ వాళ్ళ అబ్బాయి గారిని కలిశాను. ఇంట్లో లేదన్నారు. రిటైరయ్యే ముందు ఎవరో విద్యార్థి చదివిస్తానని తీసుకుపోయాడని అమ్మగారు చెప్పేవారట. 1985కూ 1993కూ మధ్య చదివినవాళ్ళలో ఎవరో ఒకరై ఉంటారు. నల్ల అట్ట, పొడుగు పుస్తకం, వీపు మీద తెల్ల గుడ్డ పట్టీ. ఈ సావనీర్ చదివేవాళ్ళు ఇంట్లో అటకల మీద, పాత ట్రంకు పెట్టెల్లో ఒకసారి చూడండి. ఎన్నేళ్ళు ఉంచుకున్నా ఎవరూ ఏమీ అనరు. పేజీలు ఊడిపోతున్నా పర్వాలేదు, అంటించుకుంటాం. అసోసియేషన్ ఆఫీసులో ఇస్తే చాలు. నాకు ఫోన్ చేస్తే నేనే వచ్చి తీసుకుంటాను, ఇంగ్లండ్ గాణ్ణి కూడా వెంట తెస్తాను.